రంగమ్మ పేరులో సున్న

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, నాకు తెలియని విషయాలకన్నా తెలుసనుకున్నవే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేవి. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో ఆదోని వచ్చి, ఒక చిన్న టైపింగు సెంటర్లో నేతగాళ్ళ పేర్లు కంప్యూటర్లో ఎక్కించేదాన్ని (ఇంట్లో అందరి వేళ్ళూ మగ్గం మీద ఆడుతుంటే నావి కీబోర్డు మీద ఆడుతున్నాయని మా అమ్మకు గొప్ప). ఆ జాబితాలో పేరు దొరికితేనే గుర్తింపు కార్డు. మా ఊరి నుంచే రంగమ్మ అనే అవ్వ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మా ఓనరన్న తన కంప్యూటర్లో వెతికి, పేరు లేదని పంపేశాడు. శనివారం జాబితా పై ఆఫీసుకు వెళ్ళిపోతే ఆమె కార్డు పోయినట్టే.

విచిత్రమేమిటంటే, అదే జాబితాలో నేను వెతికితే ఆమె పేరు ఠక్కున దొరికేది (నా చేతి చలవ అనుకున్నాను). ఓనరన్నకు చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "కండ్లకు బాగనే కనపడతాంది గదా పాపా. ఇంగ దానికి ఎక్స్‌రే తీస్తావా?" అన్నాడు. తీస్తానన్నాను. ఆ ఒక్క పేరూ మళ్ళీ టైపు చేసి వదిలేయమన్నాడు. కారణం తెలిసేదాకా వదలనన్నాను.

టెక్స్ట్ ఎడిటర్‌కు ప్లగిన్లనే చిన్న ప్రోగ్రాములు తగిలిస్తే ఏ అక్షరం అసలు ఏమిటో చెబుతాయని మా చిన్నాన్న కొడుకు చెప్పాడు. అలాంటివి మూడు దొరికాయి. మూడూ ఎక్కించి, నోటుబుక్కులో గళ్ళు గీసి, పెళ్ళిసంబంధాలు చూసినట్టు పోల్చడం మొదలుపెట్టాను. మొదటిది తెర అడుగున ఏదో కోడు నంబరు చూపించి ఊరుకునేది. రెండోది ఇంగ్లీషు అక్షరాల జాతకాలన్నీ చెప్పి, మనవాటి దగ్గరికొచ్చేసరికి 'తెలుగు' అని ఒక్క ముక్కతో సరిపెట్టేది. మూడోది తెరుచుకునేసరికి టీ తాగి రావచ్చు, కానీ ఎంచుకున్న మాటను విడగొట్టి ఒక్కో వరుసలో ఒక్కో అక్షరం పేరు చెప్పేది. శుక్రవారం మధ్యాహ్నం రంగమ్మను దానికి అప్పగించాను. మొదటి వరుసలో 'ర'. రెండో వరుసలో 'తెలుగు డిజిట్ జీరో'.

అది అక్షరం పక్కన పెట్టే సున్న కాదు, లెక్కల్లో రాసే అంకె సున్న. చూడ్డానికి రెండూ కవలలు. ఇది ఎవరి నిర్వాకమో తేల్చాలని వీరావేశంతో పేజీ కిందికి వెళ్ళి చూస్తే, టైపు చేసినవారి చోట నా పేరుంది. కొత్త కీబోర్డులో సున్న ఎక్కడుందో తెలియక, గుండ్రంగా కనిపించినదాన్నల్లా నొక్కేశాను. వెతికేటప్పుడూ అదే నొక్కేదాన్ని, అందుకే నాకు మాత్రం దొరికేది. గంగన్నలు, వెంకటమ్మలు, నరసింహులు, అందరిదీ అదే గతి.

ఓనరన్నకు చెప్పేశాను. ఆయన తిట్టలేదు, కుర్చీ నా పక్కకు లాక్కుని కూర్చున్నాడు. సాయంత్రానికి అన్ని సున్నలూ మార్చాం. అప్పటికే మూడోసారి వచ్చి బల్ల మీద కూర్చున్న అవ్వకు తప్పు నాదేనని చెప్పి, రెండు సున్నల సంగతి వివరించాను.

"సున్న సున్నే గదమ్మా, దాంట్లో మల్లా రెండు రకాలు యాడుంటాయి?" అంది. తరవాత తెర మీద తన పేరు చూసి, "ఇప్పుడు నేను ఉండానా?" అని అడిగింది. ఉన్నావన్నాను.

ఇన్నేళ్ళ తరవాత, నిన్న ఒక పేరు దొరక్కపోతే, కారణం వెతకకుండా మళ్ళీ టైపు చేసి ఊరుకున్నాను. ఆనాటి నాలోని ఆ పిల్లయితే ఊరుకునేది కాదు.