జెఫ్రీ ఓటు

మా అక్క కూతురు ఏంజలిన్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈసారి మాత్రం ఆ కోపం నాకూ అంటుకుంది.

అది ఖరగ్‌పూర్‌లో ఓ న్యాయ పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. ఎక్కడో సముద్రం మధ్యనున్న ఓ చిన్న దేశం కొత్త రాజ్యాంగం రాసుకుంటోందట. ఆ ముసాయిదా వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందానికి సరిపోతుందా లేదా చూసి చెప్పడం దాని పని. ఒక్కో నిబంధననీ ఒప్పందంతో పోల్చి చదువుతూ ఒకచోట ఆగిపోయింది. బుద్ధి ఎదగనివారికి ఓటు లేదని ముసాయిదాలో ఉంది. అందరితో సమానంగా వాళ్ళకీ ఓటు ఉండాలని ఒప్పందంలో ఉంది.

"ఇలాంటిది చాలా దేశాల్లో ఉందిలేమ్మా. సరిపోతుందని రాసెయ్" అన్నారట పైఅధికారి బ్రహ్మానందంగారు.

"చాలామంది చేస్తే తప్పు ఒప్పయిపోతుందా సార్?" అని, సరిపోదనే రాసి వచ్చింది.

టోటో రిక్షా దిగి ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ అది ఉడికిపోతూ ఈ సంగతే చెబుతుంటే, మా బావ సొలొమోను తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు. బావ రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాడు. ఆ ఊళ్ళోనే నిమ్‌పురా పేటలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. సంఘానికి కొత్త నియమావళి రాసిందీ ఆయనే. అందులోనూ అచ్చం అదే ముక్క ఉంది. ఉండబట్టలేక ఆ మాట నేనే బయటపెట్టాను. ఎవరి కోసం రాశాడో ఆ ఇంట్లో ఒకరు చెప్పక్కర్లేదు. కొడుకు జెఫ్రీ కోసం. మనిషి ఎదిగాడు గాని మనసు పసివాడిదే.

మా సంఘంలో ఓటంటే లేచి నిలబడడం. కిందటిసారి పెద్దల ఎన్నికలో పోటీ చేసిన ఇద్దరికీ జెఫ్రీ లేచాడు. గుడంతా నవ్వింది. ఆ తర్వాత గోల్‌బజార్‌లో చేపలు బేరమాడుతూ కూడా నవ్వారు. బావకి తల కొట్టేసినట్టయింది.

"ఆడికేటి తెలుస్తాదే? నవ్వులపాలైపోనాం" అన్నాడు బావ.

"ఇద్దరికీ లెగిసినాడని ఓటు తీసేస్తావేటి నాన్నా? ఇద్దరికీ మాటిచ్చేసి ఒకడికే లెగిసినోళ్ళు లేరేటి? ముందు ఆళ్ళ ఓట్లు తియ్యి! ఆ దేశానికో నాయం, మనకో నాయమా?"

బావ చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఆ నిబంధన చదివారు. జెఫ్రీ ఓటు తీసెయ్యాలా వద్దా అని వాడి ఎదుటే అడగడం! సిగ్గుండాలి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒప్పుకునేవాళ్ళు లేవండి" అన్నారు పాస్టరుగారు.

అందరికన్నా ముందు బావే లేచాడు. వెనకాల ఇంకొందరు లేచారు. పక్కనే కూర్చున్న జెఫ్రీ తండ్రి మొహంలోకి చూశాడు. చొక్కా సర్దుకుని తనూ లేచి నిలబడ్డాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడు కరెక్టుగా లెగిసినాను కదా నాన్నా?" అన్నాడు.

బావ మెల్లగా కూర్చున్నాడు. ఆయన్ని చూసి జెఫ్రీ కూర్చున్నాడు. లేచిన మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే కూర్చున్నారు.