చప్పుడు లేని కాపలా

మా ఊళ్ళో ఇప్పుడు గార్లండ్ టిడ్‌వెల్ పేరెత్తితే జనం గొంతు తగ్గిస్తారు. పెట్రోలు బంకు దగ్గర ఒకడు, చర్చి మెట్ల దగ్గర ఒకావిడ, ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. ఆ చెప్పేవాళ్ళలో ఆయన పక్కన ఒక్క రాత్రయినా చేలో నిలబడినవాళ్ళు లేరు. నేనూ నిలబడలేదు. కాకపోతే ఆయన వెంట వేటకొచ్చేవాళ్ళకి ఏళ్ళ తరబడి వండిపెట్టాను. ఆయన ఏం తింటాడో, తిండి ఎప్పుడు మానేస్తాడో నాకు తెలుసు. ఆ రాత్రి సంగతి ఆయన నోటితోనే, నా వంటింట్లోనే విన్నాను. అందుకని బంకు దగ్గరి కబుర్లు పక్కన పెట్టి నేను చెప్పేది వినండి.

గార్లండ్ మొదట ట్రాక్టర్లు బాగుచేసేవాడు. రెడ్ రివర్‌కి ఇవతలంతా వేరుశనగ చేలు. అడవిపందులు పెరిగిపోయాక విత్తిన రాత్రే గుంపు దిగేది. ముట్టెతో సాలు వెంట దున్నుకుంటూ, ఒక్కో విత్తనం ఏరుకు తింటూ ఈ కొస నుంచి ఆ కొసకి పోయేది. తెల్లారి రైతు చూసుకుంటే చేను మొత్తం తవ్వి పోసి ఉండేది. గార్లండ్ గురి మంచిదని రైతులు పిలవడం మొదలుపెట్టారు. పోనుపోను పట్నాలవాళ్ళు పందుల వేటకి రావడం, వాళ్ళని రాత్రిళ్ళు చేలల్లోకి తీసుకెళ్ళడం ఆయనకి బతుకుతెరువైంది.

వచ్చేవాళ్ళలో సగం మంది తలతిక్కవాళ్ళే. కొత్త బూట్లు, మొహానికి నల్లరంగు, నోట్లో పొగాకు. గార్లండ్ వాళ్ళని గోడ పక్కన బడిపిల్లల్లా నిలబెట్టి ఒకటే చెప్పేవాడు: "కాళ్ళు చూడండి. తోక చూడండి. నేను చెప్పేదాకా ట్రిగ్గర్ మీద వేలు పడితే ఇంటికి పంపేస్తా." ఒంటి వేడిని పట్టి చూపించే స్కోప్‌లో ఏదైనా ఒక తెల్లటి ముద్దే. చీకట్లో ఆ ముద్ద ఏమిటో తేల్చుకోవడమే అసలు పని. ఒకసారి హ్యూస్టన్ నుంచి వచ్చినవాడు ఒకడు "పెద్ద పంది, పెద్ద పంది" అని గింజుకుంటుంటే గార్లండ్ అతని తుపాకీ గొట్టం కిందికి వంచాడట. "అది దూడ నాయనా. వాళ్ళమ్మ పక్కనే ఉంది, పరిచయం చెయ్యమంటావా?" అన్నాడట. మిగతావాళ్ళు మర్నాడు ఉదయం ఫలహారాల దగ్గర కూడా ఆ మాట చెప్పుకుని నవ్వారు.

ఇంకో పట్టుదల కూడా ఉండేది. దెబ్బ తిన్నదాన్ని వదిలి వచ్చేవాడు కాదు. గురి తప్పి ఎక్కడో తూటా తగిలిన పంది కోసం తెల్లవార్లూ వాగుల వెంట తిరిగి, నేను చేసిన మెత్తటి బిస్కట్ రొట్టెలు చల్లారిపోయాక వచ్చి కూర్చునేవాడు. "కాల్చడం ఎవడైనా కాలుస్తాడు డోరిస్, అది బాధపడుతూ పడుంటే నాకు ముద్ద దిగదు" అనేవాడు. నేను ఆయన్ని సాధించేదాన్ని, కానీ లోపల గౌరవంగానే ఉండేది.

ఆయన ఎక్కువగా వేటాడింది ఎమ్మెట్ ప్రూయిట్ చేలో. ఎమ్మెట్‌గారు గార్లండ్‌కి తండ్రి లాంటివాడు. కన్నతండ్రి ఇల్లు వదిలి పోయినప్పుడు గార్లండ్‌కి మీసాలు కూడా రాలేదు. తన కొట్టంలో గది ఇచ్చి, వెల్డింగు నేర్పి, భోజనానికి తన పక్కన కుర్చీ వేసింది ఆ పెద్దాయనే. ముసలితనంలో ఆయనకి మతి తప్పింది. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు. కాళ్ళు చేతులు మాత్రం బలంగానే ఉన్నాయి, చేను గట్లు కళ్ళు మూసుకుని నడవగలడు.

కూతురు నెల్డాయే చూసుకునేది. పెళ్ళి చేసుకోలేదు. బడి వంటగదిలో ఉద్యోగం, చీకటితో లేచి పోవాలి. విచిటా ఫాల్స్‌లో మతి తప్పిన ముసలివాళ్ళని చూసే ఇల్లు ఒకటి ఉంది, అక్కడ చేర్చమని డాక్టరు చెప్పాడు. చూసి వద్దామని కారెక్కించబోతే ఎమ్మెట్‌గారు తలుపు కమ్మీ పట్టుకుని వదల్లేదు. "నన్ను ఇక్కడినుంచి కదిలించొద్దు అమ్మాయ్. ఇక్కడే పోనీ" అన్నాడు. గార్లండ్ అక్కడే ఉన్నాడు. ఆ చేతుల్ని తనే మెల్లగా విడిపించి లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. "ఎక్కడికీ పంపం ఎమ్మెట్‌గారూ. నాది పూచీ" అని మాటిచ్చాడు.

మాట నిలబడాలంటే నెల్డాకి నిద్ర ఉండాలి. ఆ నిద్రే లేకుండా పోయింది, అదీ గార్లండ్ తుపాకుల వల్లే. చేలో ఒక్క తుపాకీ పేలితే చాలు, ముసలాయన మంచం మీద లేచి కూర్చునేవాడు.

"ఎవరది?"

"గార్లండ్ నాన్నా. పందుల్ని కొడుతున్నాడు. పడుకో."

"గార్లండేనా? అయితే సరే" అని పడుకునేవాడు. మళ్ళీ ఇంకోటి పేలేది, మళ్ళీ అదే మాట. నెల్డాకి కంటిమీద కునుకుండేది కాదు. ఒకరోజు బడిలో పొయ్యి ముందే కునికి చెయ్యి కాల్చుకుంది. కట్టు కట్టుకున్న చేత్తో నా వంటింటికి వచ్చి కూలబడింది.

"ఇంక నావల్ల కాదు డోరిస్. ఈ నెల చూస్తా, తర్వాత నాన్నని పంపేస్తా. నేను పాపిష్టిదాన్నే అనుకో, కానీ నిద్ర లేకపోతే నేనే ముందు పోయేట్టున్నా."

గార్లండ్ గుమ్మంలో నిలబడి విన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత కొన్నాళ్ళకి ఆయన రైఫిళ్ళన్నిటికీ సైలెన్సర్లు వచ్చాయి. నెమ్మదిగా పోయే తూటాలు కూడా తెప్పించాడు. చేలో పేలితే పక్కన నిలబడ్డవాడికి పుస్తకం కింద పడ్డంత వినిపిస్తుంది, ఇంటిదాకా ఏమీ రాదు. నెల్డా మొహం తేటపడింది. నెల అయిపోయింది, రెండు నెలలయ్యాయి, విచిటా ఫాల్స్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక అందరం వాళ్ళింట్లోనే భోజనానికి కూర్చున్నాం. ఎమ్మెట్‌గారు కోడివేపుడు పక్కకి నెట్టి గార్లండ్‌ని గట్టిగా చూశాడు.

"ఏరా, ఈమధ్య మా చేనుకి రావట్లేదేం? పందులు పడి తింటున్నాయి. రాత్రిళ్ళు వాటి గురగుర వినిపిస్తోంది నాకు."

"వస్తూనే ఉన్నానండి. వారానికి నాలుగు రాత్రులు మీ చేలోనే."

"అబద్ధాలాడకు. తుపాకీ చప్పుడే లేదు."

గార్లండ్ బండి దగ్గరికెళ్ళి ఒక సైలెన్సర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమిటిది, సైకిలు పంపా?" అన్నాడు. అందరం నవ్వాం.

"ఇది బిగిస్తే చప్పుడు రాదు, మీకు నిద్ర చెడదు."

"చప్పుడు రాకపోతే నువ్వు ఉన్నావని నాకెలా తెలుస్తుందిరా?"

"ఉంటాను ఎమ్మెట్‌గారూ. నేనెక్కడికి పోతాను?"

పెద్దాయన తల ఊపాడు. పీచ్ పళ్ళతో చేసిన తీపి వంటకం పళ్ళెంలోకి వచ్చేసరికి అదంతా మరిచిపోయి, మళ్ళీ "ఏరా, ఈమధ్య రావట్లేదేం?" అన్నాడు. గార్లండ్ విసుక్కోకుండా మళ్ళీ చెప్పాడు.

మే నెలలో వేరుశనగ విత్తారు. ఆ రాత్రి వచ్చినవాడు డెన్నిస్ ఆల్‌బ్రిటన్ అని, వేకో పట్నంలో బడిబస్సులు బాగుచేసేవాడు. పుట్టినరోజుకి భార్య ఈ వేట బహుమతిగా ఇచ్చిందట. అంత మంచి మనిషి మా దగ్గరికి వేటకి ఎప్పుడూ రాలేదు. నేను పెట్టిన బీన్సూ మొక్కజొన్న రొట్టే తిని, తన పళ్ళెం తనే కడిగి పెట్టాడు. గార్లండ్ ఎప్పటిలాగే నెల్డాకి ఫోన్ చేసి వస్తున్నామని, తలుపు గడియ పెట్టుకోమని చెప్పాడు. ఆమె పెట్టుకుంది. ఆ గడియని ఒకప్పుడు తలుపుకి బిగించింది ఎమ్మెట్‌గారే, తీయడం ఆయనకి ఒకరు నేర్పక్కర్లేదు.

గాలి ఎదురుగా ఉండేట్టు చూసుకుని ఇద్దరూ కంచె వెంట నడిచారు. గుంపు చేను మధ్యలో ఉంది. గార్లండ్ మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టాడు, డెన్నిస్ దాని మీద రైఫిల్ ఆనించాడు. కాళ్ళు చూశారు, తోకలు చూశారు. "కానివ్వు" అన్నాడు గార్లండ్. రెండు పందులు ఉన్నచోటే పడ్డాయి. మూడోదానికి నడుం దగ్గర తగిలింది. అది కీచుమని గిర్రున తిరిగి, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ ఇంటివైపు పల్లంలోకి పోయింది. మిగతావి వాగులోకి పరిగెత్తాయి.

డెన్నిస్ బిక్కమొహం వేశాడు. "చెడగొట్టాను సార్. పాపం, అది ఎంత బాధపడుతోందో."

"అయ్యేదే. పద, వెతుకుదాం."

పల్లం చుట్టి అవతలికి వెళ్ళేసరికి స్కోప్‌లో ఒక ముద్ద కనిపించింది. సాలు వెంట నేలకి కరుచుకుని ఉంది. కాస్త ముందుకు పాకుతుంది, ఆగుతుంది, తల దించుతుంది, మళ్ళీ కాస్త పాకుతుంది. ఇద్దరూ చూశారు.

"కాళ్ళు కనబడట్లేదు సార్" అన్నాడు డెన్నిస్.

"నడుం విరిగింది కదా, ఈడుస్తోంది. ఎలా కనబడతాయి? ఇంకెంతసేపు ఏడిపిస్తావు దాన్ని, ముగించెయ్."

డెన్నిస్ ఒక్కటే కాల్చాడు. గురి తప్పలేదు. ముద్ద నేలకి అంటుకుపోయింది.

దగ్గరికెళ్ళి దీపం వేస్తే ముందు కనిపించింది టోపీ అని గార్లండ్ చెప్పాడు. ఎమ్మెట్‌గారు పడుకునే బట్టల మీద మందపాటి కాన్వాస్ కోటు వేసుకున్నాడు. ఒంటి వేడి చాలావరకు ఆ కోటు దాచేసి, స్కోప్‌లో మనిషి ఆకారం తెలియకుండా చేసింది. బూట్లు సరిగ్గానే వేసుకుని, లేసులు కూడా కట్టుకున్నాడు. పందులు తవ్విన సాలులో చెదిరిన విత్తనాలు ఏరి, మళ్ళీ మట్టిలో అదుముతూ, మోకాళ్ళ మీద పాకుతూ వచ్చాడు. ఆయన పాకినంత మేరా మట్టి నున్నగా సర్ది ఉంది. కుడి గుప్పిట్లో ఇంకా విత్తనాలున్నాయి.

ఎందుకొచ్చాడో గార్లండ్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. కాపలా లేక చేనుకి దిక్కులేదనుకున్నాడు పెద్దాయన. ఆ రాత్రి ఒక్క తుపాకీ చప్పుడు ఆయనకి వినపడి ఉంటే, గార్లండ్ వచ్చాడనుకుని అటు తిరిగి పడుకునేవాడు. పందుల గురగుర మాత్రం వినిపించింది, అంతే.

గార్లండ్ షెరీఫ్‌కి తనే ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చాక చెప్పింది ఒకటే మాట: "కాల్చమన్నది నేను. ఈయన కాళ్ళు కనబడట్లేదని చెప్పాడు, నేనే వినలేదు. ఈయన్ని ఏమీ అడక్కండి." ప్రమాదమని తేల్చారు. కేసు లేదు. దెబ్బ తిన్న పంది మర్నాడు వాగులో చచ్చి కనిపించింది.

సమాధి చేసిన రోజు గార్లండ్ లోపలికి రాలేదు, శ్మశానం బయట బండిలోనే కూర్చున్నాడు. అది చూసి కూడా జనానికి నోరు ఆగలేదు. లోపలికి రావడానికి మొహం లేదన్నారు. వచ్చుంటే సిగ్గులేక వచ్చాడనేవాళ్ళు, నాకు తెలియదా వీళ్ళ సంగతి. ఆ రోజే వేట మూసేశాడు. నేను బీన్సు తీసుకెళ్ళి పెడితే మర్నాడు కుక్క గిన్నెలో కనిపించేవి. మనిషి సగమయ్యాడు. నాకు ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది. ఎవరి మీద కోపమో మాత్రం తేలేది కాదు.

జూన్ చివర్లో ఒక సాయంత్రం నేను గార్లండ్ ఇంట్లో ఉండగానే నెల్డా వచ్చింది. అప్పటిదాకా ఆ ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆమె అరుగు మెట్టు మీద కూర్చుంది. గార్లండ్ లేచి నిలబడ్డాడు, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నన్ను తిట్టు నెల్డా. ఊరంతా తిట్టింది. తిట్టాల్సినదానివి నువ్వొక్కదానివే తిట్టలేదు."



"ఆ రాత్రి షెరీఫ్ డిప్యూటీ వచ్చి తలుపు బాదాడట" అంది నెల్డా. "బాది బాది, వెనకవైపు నుంచి లోపలికొచ్చి భుజం పట్టుకుని కుదిపితేగానీ నేను లేవలేదట. నాన్న నా గది ముందు నుంచే వెళ్ళుంటాడు గార్లండ్. కుర్చీలో కూర్చుని ఆ లేసులు కట్టుకునుంటాడు, ఆయనకి అదెంతసేపు పడుతుందో నీకు తెలుసు. నాకు ఏమీ వినపడలేదు. నాలుగేళ్ళలో అంత నిద్ర నాకెప్పుడూ పట్టలేదు."

గార్లండ్ టోపీని అరుగు మీద పెట్టాడు.

"పడుకునేముందు ప్రార్థన చేసుకున్నా. ఇంత నిద్ర ఇచ్చినందుకు గార్లండ్‌ని చల్లగా చూడు ప్రభువా, అని నీ పేరు చెప్పి మరీ చేసుకున్నా. అదే ఆ రాత్రి. ఇప్పుడు చెప్పు, నిన్నేమని తిట్టను?"

ఆయన మెట్టు దిగి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. నేను లోపలికెళ్ళి పొయ్యి మీది బీన్సు దించి, ఇద్దరికీ వడ్డించి తెచ్చి పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు.