దండం పెట్టిన సాక్షి

మా మేనమామ ఒక మనిషిని కరెంటు స్తంభానికి కట్టించి, పై పళ్లు రెండు పట్కారుతో పీకించాడు. జగిత్యాల కోర్టు ఆయన నిర్దోషి అని తీర్పు చెప్పింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సులో ఊరికి తిరిగి వెళ్లారు; ఒకరు కూర్చొని, ఒకరు నిలబడి. ఇది జరిగి నలభై ఏళ్లు దాటింది. ఇంట్లో ఎప్పుడు ఎత్తినా పాత ముచ్చట అంటారు. పాతదైతే తప్పు ఒప్పయిపోతుందా అని అడిగితే, నీకు బీపీ ఉంది, గోలీ వేసుకో అంటారు.

మొన్న సిరిసిల్లలో మా బిడ్డ ఇంట్లో వారం రోజులు ఉన్నాను. అల్లుడికి నాలుగు సాంచాలున్నాయి. గోడకు అవతల అవి పొద్దంతా టకటకలాడుతూ బట్ట నేస్తుంటే, ఇవతల టీవీ చూసేవాళ్లు శబ్దం పెంచుకుంటూ పోతారు. అందుకే ఆ ఇంట్లో మంచినీళ్లు అడిగినా తగువు పడుతున్నట్టే వినిపిస్తుంది. డిగ్రీ చదివే మనుమరాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక సినిమా పెట్టింది. కథ ఏదో దూరదేశానిది, మాటలు మాత్రం తెలుగువి. ఒక నల్లజాతి మనిషి మీద నింద వేసి, తెల్లవాళ్లు గుంపుగా వచ్చి కట్టేసి కొడతారు. పోలీసులెందుకు, కోర్టెందుకు, మేమే తేలుస్తాం అంటారు. ఆ తరువాత సినిమా అంతా కోర్టులోనే. దెబ్బలు తిన్న మనిషి బోనులో నిలబడి, వేలు చాపి, పేరు పెట్టి, 'ఇతనే' అని గట్టిగా చెప్తాడు. మనుమరాలు చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"అంత అబద్ధం బిడ్డా. గట్ల వేలు వెట్టి ఎవడు జెప్తడు?"

"ఎందుకు జెప్పడు తాతా? కొట్టింది వాళ్లే గదా."

"వాళ్లే గాబట్టే చెప్పడు."

"గదేం లాజిక్కు? అసలు నువ్వు ఎన్నడన్న కోర్టు మొకం సూసినవా?"

చూశాను. ఆ పిల్లకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. కాకపోతే ఆమెకు చెప్పనిది కూడా కొంత ఉంది.

నేను బడికి వెళ్లింది రెండో తరగతి దాకానే. కోరుట్లలో దర్జీ పని నేర్చుకుంటూ, కొలతలు గీసి కత్తిరించడానికి తెచ్చే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కున్నాను. కనుక నా చదువంతా చంక దగ్గర తెగిపోయిన చదువే. ఒక హత్య కేసు వార్త ఎంతో ఆసక్తిగా చదువుతూ వచ్చి, చివరికి హంతకుడెవరో తెలియకుండానే మిగిలిపోయాను. ఆ ముక్క ఎవరి కాలరుకో వెళ్లిపోయింది. అక్షరాలతో పాటు కోపం కూడా వచ్చింది నాకు. పింఛను రాని ముసలమ్మలకు, రేషను కార్డులో పేరు తప్పు పడినవాళ్లకు దరఖాస్తులు రాసిచ్చేవాణ్ని. మిషను పక్కన దారపు కండెల డబ్బాలో తెల్లకాగితాలు ఎప్పుడూ ఉండేవి. జగిత్యాల వకీళ్లు కొందరు నా దగ్గరే నల్లకోట్లు కుట్టించుకునేవారు. వాళ్ల భుజాల కొలతలతో పాటు సెక్షన్లు కూడా అడిగి తెలుసుకునేవాణ్ని. కోటు వేసుకొని చూసుకుంటున్న వకీలు చేతులు ఎత్తి నిలబడక తప్పదు, అడిగినదానికి జవాబు చెప్పకా తప్పదు.

మా మేనమామ ఊరి పటేలు. నాన్న పోయాక అమ్మనూ నన్నూ తన ఇంట్లో పెట్టుకున్నది ఆయనే. నా మొదటి మిషను ఆయన ఇప్పించినదే. కోరుట్ల నుంచి ఊరికి వెళ్తే, తిన్నావా అని అడగకుండా నన్ను కూర్చోనిచ్చేవాడు కాదు. అందుకే ఆయన్ను ఒక్క మాటలో చెడ్డవాడని తేల్చేయలేక ఇన్నేళ్లూ బాధపడ్డాను.

పళ్లు పోయిన మనిషి మా ఊరి నీరటి. చెరువు తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం ఆయన పని. దళితుడు. ఊళ్లో అప్పటికి ఆ మాట లేదు. ఉన్న మాటలు ఇక్కడ రాయను. నాకంటే పదేళ్లు పెద్దవాడు, అయినా నేను పొడి పేరుతో అరేయ్ అని పిలిచేవాణ్ని. ఆయన నన్ను చిన్న పటేలా అనేవాడు. వాడవాళ్లు పటేళ్ల పేర్లు నోటితో పలకరు, అది మా ఊరి కట్టడి. తమ పిల్లవాడికి అదే పేరు ఉన్నా పలకకూడదు. నీరటి మేనల్లుడికి పుట్టినప్పుడు పెట్టిన పేరు, మా మామ పేరు ఒకటే అయ్యాయి. దాంతో ఆ పిల్లవాణ్ని ఇంటిల్లిపాదీ చిన్నోడా అన్నారు. చివరికి ఓటర్ల లిస్టులో కూడా చిన్నోడు అనే ఎక్కింది.

ఆ ఎండాకాలం చెరువులో నీళ్లు తక్కువ. మామ తన వంతు కానప్పుడు తూము ఎత్తమంటే నీరటి ఎత్తలేదు. తరువాతి వారంలో మామ బర్రెలు రెండు చచ్చిపోయాయి. నీరటి మంత్రం వేశాడని ఎవరన్నారో తెలియదు, అందరూ నమ్మారు. పై పళ్లు లేనివాడికి మంత్రం పలకదని మా దిక్కు ఒక నమ్మకం. పట్టపగలు, ఊరంతా చుట్టూ నిలబడి ఉండగా ఆ పని చేయించారు.

ఆ రోజే ఆయన నోటికి తువాలు అడ్డం పెట్టుకొని కోరుట్లకు, నా దుకాణానికి వచ్చాడు. దవాఖానాకు తీసుకెళ్లి, ఆ తరువాత ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. ఎవరు చేశారు అంటే పటేలు అన్నాడు. పేరు చెప్పు, రాయాలి అంటే, "నీకెరుకే గదా చిన్న పటేలా" అన్నాడు. నేనూ పటేలు అనే రాశాను. స్టేషన్లో ఎస్సై విసుక్కొని, పేరు కనుక్కొని తానే రాసుకున్నాడు. మరునాడు మామ దగ్గరికి వెళ్లాను. ఎంతో గట్టిగా అడగాలనుకొని వెళ్లాను. ఆయనే ముందు అందుకున్నాడు. "పీకిచ్చిన. ఊరు మంచికోరి పీకిచ్చిన. మంత్రగాణ్ని పోలీసోళ్లు వట్టుకుంటార్రా?" అన్నాడు. అంతలో అత్తమ్మ కంచం తెచ్చి ముందు పెట్టింది. తిని వచ్చాను.

కేసు రెండేళ్లకు విచారణకొచ్చింది. సాక్షులుగా వచ్చిన ఊరివాళ్లంతా ఆనాడు పొలం పోయామనీ, పెండ్లికి పోయామనీ చెప్పారు. వాళ్ల లెక్కన ఆ పూట ఊళ్లో కరెంటు స్తంభం తప్ప ఎవరూ లేరు. ప్రభుత్వ వకీలు నన్నూ అడిగాడు, నువ్వు చూశావా అని. ఆ సమయానికి కోరుట్లలో మిషను మీద ఉన్నానని చెప్పాను. అది నిజమే. మామ నాతో ఏమన్నాడో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఇక మిగిలింది నీరటి నోటి మాట ఒక్కటే. బోనులో నిలబడి పళ్లు పీకించినవాడి పేరు చెప్తేనే కేసు నిలుస్తుంది. అందుకని వాయిదాకు ముందు వారం రోజులు ఆయన్ను దుకాణానికి రప్పించి అద్దం ముందు నిలబెట్టాను. చెప్పు అంటే అటూ ఇటూ చూసి, మొదటి అక్షరం దాకా వచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వేవాడు. చక్కెర ఇస్తానని చిన్నపిల్లలకు ఆశపెట్టినట్టు చాయ్ ఆశపెట్టేవాణ్ని. ఏడోనాడు చెప్పాడు. మెల్లగా, పూర్తి పేరు చెప్పాడు. చెప్పి తువాలుతో మూతి తుడుచుకున్నాడు. నేను గెలిచినంత సంబరపడ్డాను. ఆ వారమంతా పేరు చెప్పు, పేరు చెప్పు అన్నానే కానీ, నేనూ ఆ పేరు ఒక్కసారి కూడా అనలేదు. మా ఇళ్లలో మేనమామ పేరు మేనల్లుడు తియ్యడు. ఇంత రాశాక కూడా ఆయన పేరు రాయలేదని చదివేవాళ్లు గమనించే ఉంటారు.

జగిత్యాల కోర్టులో మామ తరఫు వకీలు కరీంనగర్ నుంచి వచ్చాడు. ఆయన కోటు ఎడమ భుజం దిగజారి ఉంది. ఇంత పెద్ద వకీలు దర్జీ చేతిలో మోసపోయాడని అంత కంగారులోనూ అనుకున్నాను. నీ పళ్లు పీకించింది ఎవరని అడిగారు. నీరటి పటేలు అన్నాడు. పేరు చెప్పమన్నారు. ఆయన నోరు తెరిచి, మూశాడు. మళ్లీ అడిగారు. మెజిస్ట్రేటు మెత్తని మనిషి, "పేరు రాకపోతే చేత్తో చూపించవయ్యా" అన్నాడు. నీరటి కుడిచెయ్యి లేచింది. మా మామ వైపు తిరిగింది. ఇంకో రెండు జానలు ముందుకు చాపితే చాలు. అప్పుడు ఎడమచెయ్యి కూడా లేచి దాన్ని కలుసుకుంది. రెండు చేతులూ జోడించి, నడుము వంచి, దండం పెట్టాడు. మా మామ కూడా అలవాటు కొద్దీ తల ఊపి దండం అందుకున్నాడు.

"చూశారా సార్," అన్నాడు వకీలు, "పళ్లు పీకించినవాడికి ఎవడైనా దండం పెడతాడా?"

కోర్టంతా నవ్వింది. నేను తల వంచి నా చెప్పులు చూసుకున్నాను.

ఆనాటి నుంచి వకీలు మీద కోపం, మెజిస్ట్రేటు మీద కోపం. చేతిలోకి వచ్చిన కేసు పారేశాడని అందరికంటే ఎక్కువ కోపం నీరటి మీద. మామ పోయినప్పుడు పాడె ముందు డప్పు కొట్టినవాళ్లలో నీరటి తమ్ముళ్లు కూడా ఉన్నారు, దాని మీదా కోపం. ఆయన కొన్నాళ్లకు ఊరు విడిచి, కోరుట్లలో బీడీలు చేసుకునే కూతురి దగ్గరికి చేరాడని విన్నాను. నా దుకాణం నుంచి పావుగంట నడక. నేనెప్పుడూ అటు వెళ్లలేదు.

అంతా విని మనుమరాలు టీవీ శబ్దం తగ్గించి, "మరి పేరెందుకు జెప్పలేదో ఆయన్నే అడుగకపోయినవా తాతా?" అంది. తెల్లారి బస్సెక్కాను. వేములవాడలో కోడె మొక్కు చెల్లించి వస్తున్నవాళ్లు బస్సు నింపేశారు. ఒకామె ఒడిలోని చంటిపిల్ల కోరుట్ల దాకా నా అంగీ గుండీ వదల్లేదు.

నీరటి, కూతురి ఇంటిముందు రేకుల నీడన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉన్నాడు. బీడీల చాట ఒడిలో పెట్టుకున్న కూతురు నన్ను గుర్తుపట్టి, "నాయినా, టైలర్ పటేలు అచ్చిండు" అంది. ఆయన లేవబోయాడు.

"కూసో అన్నా, లేవకు," అన్నాను.

"అన్ననా? గీ అన్న నీకు ఏ సంతల దొరికిండు చిన్న పటేలా? నీ పెండ్లినాడు పందిరి ఏసిందే నేను. గప్పుడు సుత అరేయ్‌నే గదా."

కూతురు తల వంచుకొని నవ్వింది. చాయ్ వచ్చింది. తాగేదాకా వర్షాల గురించి మాట్లాడుకున్నాం. గ్లాసు కింద పెట్టి అడిగేశాను. వారం రోజులు నేర్పిస్తినే, అద్దం ముందు చెప్తివే, ఒక్కసారి అంటే అయిపోయేది కదా, నలభై ఏళ్ల నుంచి నాకు అదే కోపమని చెప్పాను.

"నీకు కోపమా?" అన్నాడాయన. తిట్టినట్టు లేదు, కొత్త సంగతి విన్నట్టుంది. "మీ మామ నీ ముంగట ఒప్పుకున్నడట గదా. మీ అత్తమ్మ నాట్లల్ల మా ఆడోళ్లకు గప్పుడే జెప్పింది."

"ఎరుకుండి గూడ నన్ను ఎన్నడు అడుగకపోతివి" అన్నాను.

ఆయన కూతురి చాటలోంచి జారిన ఆకును వంగి తీసి చాటలో వేశాడు. తరువాత నిదానంగా అన్నాడు:

"సదువుకున్నోనివి, నలుగురికి కాయిదాలు రాసిచ్చెటోనివి. పావుగంట నడిసి అచ్చి నన్ను గీ ఒక్క మాట అడిగేతందుకు నీకే నలభై ఏండ్లు వట్టింది. మా తాతల కాంచెల్లి పలకని పేరు, గా ఒక్క పొద్దుల నేనెట్ల పలుకుదు చిన్న పటేలా?"