నొక్కి తిప్పే మూత

ఆ ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ మూతల మాస్టారనే పిలిచేవారు. పాతికేళ్లుగా మందు సీసాలకు మూతల నమూనాలు గీయడమే ఆయన పని. నొక్కి తిప్పితే తప్ప ఊడిరాని మూత ఆయన సృష్టే. పసిపిల్లలు మాత్రలు మింగకుండా అడ్డుపడే మూత కదా, దాని మీద ఆయనకున్న గర్వం అంతా ఇంతా కాదు. ఎవరైనా "ఇది రావడం లేదండీ" అంటే చాలు, "నొక్కావా? నొక్కకుండా తిప్పితే ఏమొస్తుంది, నీ తలకాయ!" అని గయ్యిమనేవాడు.

భార్య పోయి రెండేళ్లయింది. పిల్లల్లేరు. ఇంటికొస్తే "వచ్చావా" అని అడిగే నాథుడు లేడు. రేడియో పెట్టుకుని, అది మాట్లాడుతుంటే భోంచేసేవాడు. మధ్యమధ్యలో దానికి జవాబులు కూడా చెప్పేవాడు. నవ్వకండి, ఒంటరిగా ఉండి చూడండి, మీరూ చెబుతారు.

ఇంతలో మూత మీద ఫిర్యాదులు ఎక్కువయ్యాయి. ఓ రోజు యజమాని పిలిచి, "మాస్టారూ, మూతైనా మారాలి, మూత గీసే మనిషైనా మారాలి. ఆదివారాలు డిజైన్ క్లాసులు చెబుతున్నారట, వెళ్లి నేర్చుకోండి" అన్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఉద్యోగం పోతే ఆయనకింక వెళ్లే చోటంటూ ఏదీ లేదు.

పాఠం చెప్పే అమ్మాయికి ఆయన సర్వీసంత వయసు కూడా లేదు. "వస్తువు గీసేముందు మనిషిని చూడండి" అంది. "అందరికీ పనికొచ్చేది చెయ్యాలంటే, ఇప్పుడున్నది ఎవరికి పనికిరావడం లేదో తెలియాలి. ఒకరింటికి వెళ్లి, మీ వస్తువు ఎలా వాడుతున్నారో కూర్చుని చూడండి. సాయం చెయ్యకూడదు, సలహా ఇవ్వకూడదు. చూసింది చూసినట్టు రాసుకురండి."

"చూడ్డం కూడా ఒకరు నేర్పాలా, ఖర్మ!" అని మాస్టారు గొణుక్కున్నాడు.

చూడ్డానికి మనిషంటూ ఉండాలిగా! ఎవరింటికని వెళ్తాడు? ఆలోచించగా ఆలోచించగా, పై వాటాలో ఒంటరిగా ఉండే దర్జీ పెద్దమ్మ గుర్తొచ్చింది. పదేళ్లుగా ఒకే మెట్లు ఎక్కి దిగుతున్నారు. ఆమె గడప తొక్కడం మాత్రం అదే మొదలు.

"నేను మాత్ర వేసుకుంటుంటే చూస్తావా? ఇదేం చోద్యం బాబూ!" అని నవ్వి, ఆమె కుర్చీ చూపించింది. నలభై ఏళ్లు కత్తెర పట్టిన వేళ్లు, కీళ్ల దగ్గర ఉబ్బి వంకర తిరిగిపోయాయి. మాస్టారి మూతే ఉన్న మాత్రల సీసా తీసింది. నొక్కితే తిప్పడానికి బలం చాలడం లేదు, తిప్పబోతే నొక్కు వదులైపోతోంది. తువ్వాలు చుట్టి తిప్పింది. తలుపు సందులో ఇరికించి తిప్పింది. "గట్టిగా నొక్కండి" అనే మాట మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది. పాఠం గుర్తొచ్చి మింగేశాడు. చివరికి ఆమె మూతను దవడపళ్ల మధ్య పెట్టి, కొరికి పట్టుకుని, సీసాను నొక్కుతూ తిప్పింది. టక్కుమని వచ్చింది.

"రోజూ ఇదే భాగోతం" అంది, పెదవులు తుడుచుకుంటూ. "ఎవడు చేశాడో గాని, వాడి చేతులు పడిపోను!"

మాస్టారు ఆ తిట్టు వినలేదు. మూత అంచున ఉన్న పళ్ల గాట్లనే చూస్తున్నాడు. అలాంటి గాట్లు ఆయనకు కొత్త కాదు. భార్య ఆఖరి ఏడాదంతా ఆమె మందు సీసాల మూతలు ఇలాగే ఉండేవి. "ఇంట్లో ఎలుకలు పడ్డాయి, చూసుకోవద్దూ!" అని ఆమెనే కసిరాడు. పనిగట్టుకుని బజారుకెళ్లి బోను కొనుక్కొచ్చాడు. ఆ మహాతల్లి కిక్కురుమనకుండా, రోజూ ఆ బోనులో రొట్టెముక్క పెట్టింది.

ఎలా లేచాడో, ఎలా మెట్లు దిగాడో ఆయనకే తెలియదు. ఇంట్లోకెళ్లి, రేడియో కూడా పెట్టకుండా, వెక్కి వెక్కి ఏడ్చాడు. భార్య పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

ఆ తర్వాత రెండు నెలలు మనిషికి వేరే ధ్యాస లేదు. కొత్త మూత చెయ్యడం, పట్టుకుని మెట్లెక్కడం, పెద్దమ్మ చేతిలో పెట్టి నోరు మూసుకుని చూడడం. మూడు మూతలు కుదర్లేదు. నాలుగోదానికి రెండు పక్కలా వెడల్పాటి రెక్కలు పెట్టాడు. వేళ్లతో పనిలేదు, అరచెయ్యి ఆనించి, వాలి తిప్పితే చాలు. పిల్లల చెయ్యి రెండు రెక్కలకూ చాలదు, వాళ్ల బరువూ చాలదు. పెద్దమ్మ చెయ్యి ఆనించింది, వాలి తిప్పింది, మూత ఊడొచ్చింది. "ఓరి నీ అసాధ్యం కూలా!" అని ఆమె చిన్నపిల్లలా మళ్లీ మళ్లీ తీసి పెట్టింది. యజమాని కూడా సరేనన్నాడు. ఉద్యోగం నిలబడింది.

ఆఖరి ఆదివారం, పాఠం చెప్పే అమ్మాయి అందరికీ తలా ఒక ప్రశ్నల కాగితం ఇచ్చింది. ఎవరి కోసం చేశారు? అనే చోట పెద్దమ్మ పేరు రాయబోయి, ఆగి, భార్య పేరు రాశాడు. వారికున్న ఇబ్బంది ఏమిటి? అనే చోట గడి చాలక, పక్కన అంచుల్లో కూడా రాశాడు. ఆ కింద మరో గడి ఉంది: దీని గురించి వారు మీతో అన్న మాటలు, అన్నవి అన్నట్టుగా.

అక్కడ కలం కదల్లేదు. చుట్టూ అందరూ రాసిచ్చి వెళ్లిపోయారు. అమ్మాయి దగ్గరకొచ్చి, కాగితం మీదికి వంగి చూసింది.

"ఇదొక్కటే వదిలేశారేం మాస్టారూ? ఆవిడ ఏమీ అనలేదా?"

"అడగలేదమ్మా" అన్నాడాయన. "పక్కనే ఉన్నాను. ఒక్కసారైనా అడగలేదు."