మూత తెరిచిన పాపం

కాదిర్‌కుల్ కారును జుమ్గాల్ లోయలో ఏ మెకానిక్కూ ఎన్నడూ ముట్టుకోలేదు. ముప్ఫయ్యేళ్ళ నాటి ఆ బండికి వైద్యుడూ ఆయనే, మంత్రసానీ ఆయనే. ఆ గర్వాన్ని భరించడం భార్య జూరకాన్ వల్ల కూడా అయ్యేది కాదు.

ఆ రోజు కూతురి మొదటి బిడ్డను ఉయ్యాలలో వేసే వేడుక. చెక్క ఉయ్యాలను బిడ్డ తల్లి పుట్టింటివాళ్ళే తేవాలి. మధ్యాహ్నంలోపు అది చేరకపోతే అత్తవారింట్లో కూతురు తలెత్తుకోలేదు. దారి పన్నెండు కిలోమీటర్లు.

నిజానికి కారుకు ఏ జబ్బూ లేదు. నీళ్ళు పోద్దామని ఇంజను మూత ఎత్తాడు, అంతే. ఎత్తిన మూతను చూసి ఊరుకునే మగవాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. మొదట మోల్దోకున్ తాత వచ్చాడు. ఎనభై రెండేళ్ళ గొర్రెల కాపరి, స్టీరింగు పట్టిన పాపాన పోలేదు.

"చప్పుడు తేడాగా ఉందిరా. కార్బురేటర్ విప్పు."

"బండి ఆపే ఉంది తాతా."

"మరి అదే తేడా!"

పెద్దల మాట కాదనడం అక్కడ ఎవరికీ అలవాటు లేదు. విప్పాడు. తర్వాత తాత తమ్ముడొచ్చి పంపు ఊడదీయించాడు. ఆ వెనక మరో ఇద్దరు ముసలాళ్ళొచ్చి వాల్వుల దాకా వెళ్ళారు. వచ్చినవాళ్ళకల్లా రొట్టె, టీ పెట్టాలి కదా, జూరకాన్ టీ నీళ్ళు కాచే సమోవార్ చల్లారలేదు. పదిన్నరకల్లా ఇంజను ముక్కలై కంబళి మీద పరుచుకుంది.

"ఇక ఇంజన్నే ఉయ్యాల్లో పడుకోబెట్టి తీసుకెళ్దామా?" అంది జూరకాన్.

ఫోను మోగింది. "నాన్నా, ఎక్కడున్నావు? మా అత్తయ్య గడియారం వంకే చూస్తోంది!" వెనకాల మనవడి ఏడుపు.

కాదిర్‌కుల్ ఫోను జేబులో వేసుకున్నాడు. అప్పుడే తాత లోపలికి చెయ్యి పోనిచ్చాడు. "ఈ పెద్ద గొట్టం కూడా..."

"వద్దు తాతా! చెయ్యి తియ్యి!"

టీ గిన్నెలు గాల్లోనే ఆగిపోయాయి. అన్నది తనేనా అని కాదిర్‌కుల్‌కే భయం వేసింది.

తాత చెయ్యి తీసి తీరిగ్గా తుడుచుకున్నాడు. "హమ్మయ్య! నాకు గుర్రం తప్ప ఇంకేం తెలుసురా? ఏం చెప్పినా మీరు చేసేస్తుంటే ఎక్కడ ఆపాలో నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? నా గుర్రం వాకిట్లో ఉంది, తీసుకో."

సిగ్గు, కోపం, నవ్వు ఒక్కసారే ముంచుకొచ్చాయి కాదిర్‌కుల్‌కి. ఉయ్యాలను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, జూరకాన్‌ను వెనకాల ఎక్కించుకుని గుర్రాన్ని అదిలించాడు.

వాగు దాటుతుండగా మళ్ళీ ఫోను. "బయల్దేరావా నాన్నా? కారు చప్పుడే వినపడట్లేదేం?"

"పెద్దలంతా కలిసి చప్పుడు లేకుండా చేశారు తల్లీ," అన్నాడు.