వేళ్ళకు సుడి పోయిన చలికాలం

ఊపిరి ఆడుతుంటే బతికున్నట్టు, ఆకలేస్తే ఇంకా బాగా బతికున్నట్టు. ఆ రోజుల్లో నాకు తెలిసిన వేదాంతం అంతే. ఇరవై రెండేళ్ళ వాడికి అంతకంటే ఎందుకు? అలాంటి నేను ఒక చలికాలం, దంతెవాడ అడవుల్లో కిష్టారం దగ్గరి ఒక పల్లెలో, పట్టపగలు ఎండలో నిలబడి, నా పాదాలు ముందుకే ఉన్నాయా, దయ్యాలకు మల్లే వెనక్కి తిరిగాయా అని వంగి చూసుకున్నాను.

అప్పుడు నాది ఆధార్ కార్డులకు వేలిముద్రలు తీసే పని. పంచాయతీ వరండాలో ఒక బల్ల, లాప్‌టాప్, వేలు ఆనించే అద్దం పెట్టె, కళ్ళ ఫోటో తీసే కెమెరా. పొద్దున్నే ముందు నా వేలు పెడితేనే మెషిన్ తెరుచుకునేది. (నన్ను నమ్మే వస్తువు లోకంలో అదొక్కటే అని మా నాన్న అనేవాడు.) జనం వేళ్ళు ఆనించగానే వాటి గీతలు తెర మీద లావుగా కనిపించేవి. గుండ్రంగా చుట్టుకుంటే చక్రం, పక్కకు వెళ్ళి వెనక్కి మళ్ళితే శంఖం. ఆ చుట్టలన్నిటినీ ఊళ్ళో సుడులు అనేవాళ్ళు. నేను ఊరుకోవచ్చుగా! "మామా, ఇన్ని సుడులా! నీ దశ తిరిగినట్టే పో" అంటూ జోస్యాలు మొదలుపెట్టాను. మామలు మురిసిపోయి సంచీలో ఇంత చింతపండు వేసి పోయేవారు.

ఒకరోజు బుట్టలల్లే అవ్వ వచ్చింది. ఏ వేలు పెట్టినా తెర మీద తెల్లటి మచ్చే, ఒక్క గీత లేదు. నవ్వించడానికి, "అవ్వా, నీకు సుడి లేదు" అన్నాను. సుడి అంటే అదృష్టం కూడా కదా, ఆ సంగతి నోరు జారాక గుర్తొచ్చింది.

"సుడి లేనిది సచ్చినోళ్ళకే పిలగా" అంది అవ్వ నెమ్మదిగా. "ఏంది, నేను సచ్చిన్నా?" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు గులకరాళ్ళలా నున్నగా, చల్లగా ఉన్నాయి. "నీయి జర సూస్కో" అని, కళ్ళ ఫోటో కూడా తీయించుకోకుండా లేచి వెళ్ళిపోయింది.

రెండు రోజులు తిరక్కుండానే నా వేళ్ళు దురద పెట్టి, నల్లబడి, పొరలు పొరలుగా ఊడాయి. కింద చర్మం ఎర్రగా, నున్నగా మిగిలింది. అద్దం మీద పెడితే తెర మీద అదే తెల్లటి మచ్చ. మళ్ళీ పెట్టాను. నేను నేను కానట! కడిగిన స్టీలు గ్లాసు పట్టుకుని చూశాను. మసక మరక పడింది గానీ అందులో గీత లేదు.

ఊళ్ళో మాట ఆగుతుందా? నేను అద్దెకున్న ఇంటి అక్క రోజూ ఎదురుగా కూర్చుని అన్నం పెట్టేది. ఇప్పుడు పళ్ళెం గడప మీద పెట్టి, "తమ్మీ, ఏమనుకోకు" అని నా మొహం చూడకుండా లోపలికి పోయేది. పిల్లలు దూరంగా వంగి నా పాదాలు చూసేవారు. వాళ్ళు చూడగా చూడగా నేనూ చూసుకోవడం మొదలుపెట్టాను. దీనికి తోడు దంతెవాడ నుంచి మా సూపర్‌వైజర్ ఫోను: "నెలాఖరు దాకా చూస్తా. అప్పటికీ నీ వేలు పడకపోతే కిట్ వాపస్ చెయ్, ఇంకొకడికి ఇచ్చేస్తా." ఉద్యోగం పోతే ఇంటికెళ్ళి ఏమని చెప్పాలి? చచ్చిపోయానని చెప్పాలా?

జీపెక్కి దంతెవాడ ఆస్పత్రికి పోయాను. అక్కడి సిస్టరమ్మది కోస్తా వైపు. అవ్వ శాపం కథంతా విని, "శాపం సంగతి తర్వాత చూద్దాం గానీ బాబూ, ఏం ముట్టుకున్నావో చెప్పు" అంది. అప్పుడు వెలిగింది. అవ్వ వచ్చిన ముందురోజు అక్క పెరట్లో గింజలు ఎండబెట్టి, "జీడి ముట్టకు తమ్మీ" అంది. జీడి అనగానే నాకు పాయసంలో తేలే జీడిపప్పు కనిపించింది. అబ్బ, ఎంత పిసినారో అనుకుని, ఆమె అడవికి పోగానే రాయితో కొట్టి, వేళ్ళతో వలిచాను. అవి నల్లజీడి గింజలు! చాకలివాళ్ళు బట్టల మీద చెరగని గుర్తు పెట్టేది దాని రసంతోనే. బట్టల మీద గుర్తు పెట్టేది నా గుర్తునే చెరిపేసింది.

"పోయింది పైపొరేలే" అంది సిస్టరమ్మ. "మీ అమ్మ కడుపులో నీకు రెండో నెలలోనే వేళ్ళ చివర్లు బుడిపెల్లా ఉబ్బాయి. మూడో నెల వచ్చాక లోపలి చర్మం పెరిగి పెరిగి చోటు చాలక మడతలు పడింది. బుడిపె ఎత్తుగా ఉన్నప్పుడు పడితే చక్రం, కాస్త తగ్గాక పడితే శంఖం. నువ్వు కదిలిన తీరు, చుట్టూ ఉన్న ఉమ్మనీరు, అన్నీ కలిసి గీసిన గీతలవి. అందుకే కవలలకు కూడా ఒకటి కావు. వాటి అచ్చు లోపల భద్రంగా ఉంది. మళ్ళీ అవే వస్తాయి."

ధైర్యం వచ్చిందనుకుంటున్నారా? ఇంకా భయమేసింది. చీకట్లో, నాకు పేరు కూడా లేనప్పుడు గీసిందేదో ఇన్నేళ్ళూ నా లోపలే ఉండి ఇప్పుడు పైకి వస్తోందట! రోజూ పొద్దుటెండలో వేలు పట్టుకుని చూసేవాణ్ణి. ముందు సన్నటి గీత ఒకటి, దాని చుట్టూ ఇంకొకటి, పాత చోటనే. ఎవరో లోపల కూర్చుని గీస్తున్నట్టే ఉండేది.

నెలాఖరున మెషిన్ తెరుచుకుంది. నేను వేసిన కేకకు ఊరంతా వరండాకు వచ్చింది, అవ్వ కూడా. తన నున్నటి బొటనవేలితో నా వేలు తడిమి, "వచ్చింది" అంది. నేను పొంగిపోయి, సిస్టరమ్మ చెప్పిందంతా అప్పజెప్పాను. అందరూ నవ్వుతున్నారు. అవ్వ తన వేళ్ళు చూసుకుంటూ అడిగింది.

"గట్లయితే నాది ఎప్పుడొస్తది బిడ్డా?"

పెళ్ళి కాకముందు నుంచి వెదురు చీల్చిన వేళ్ళు అవి. లోపలి నుంచి వచ్చింది వచ్చినట్టే రోజూ అరిగిపోతోంది. ఆమెను కూర్చోబెట్టి కళ్ళ ఫోటో తీశాను. నల్లగుడ్డు చుట్టూ ఉన్న గీతలు తెర మీద చూపించి, "నీ సుడి కంట్లో ఉందవ్వా" అన్నాను. అవ్వ చాలాసేపు చూసింది. "గా ముక్క ముందే చెప్తే నీ సొమ్మేం పోయింది?" అని నా నెత్తిన ఒకటి మొట్టింది. ఆ సాయంత్రం అక్క మళ్ళీ నా ఎదురుగా కూర్చుని అన్నం పెట్టింది.

ఇప్పుడు నాకూ వేళ్ళు అరుగుతున్నట్టున్నాయి. వేలు పెడితే ఫోను ఒక్కోసారి నన్ను కాదంటుంది. "తడి చెయ్యి నాన్నా, తుడుచుకో" అంటుంది మా అమ్మాయి. తుడుచుకుంటాను. దానికంటే ముందు, అమ్మాయి చూడకుండా, ఒకసారి వంగి నా పాదాలు చూసుకుంటాను. ముందుకే ఉంటాయి. నవ్వొస్తుంది.