జిన్నింగు మిల్లు తాళంచెవి

1974లో దసరా వెళ్లిన మూడో వారం. నాందేడ్‌లోని పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లు గేటు ముందు యాభైమంది ఆడవాళ్లు మార్కండేయను చుట్టుముట్టారు. అతను బ్యాంకు గోదాము కాపలాదారు. మిల్లులు అప్పు కోసం బ్యాంకుకు తాకట్టు పెట్టిన సరుకుకు తాళం వేసి, తాళంచెవి రోజూ బ్యాంకులో అప్పజెప్పడం పదకొండేళ్లుగా అతని కొలువు.

"తాళం తియ్యి తమ్మీ," అంది నర్సవ్వ. మిల్లులో పత్తి ఏరే గుంపుకు ఆమె పెద్ద. "పత్తి లోపలుంది, మేం బయటున్నం. పని లేక తొమ్మిది దినాలాయె."

"నా చేతిల లేదక్కా. బొంబాయిల రిజర్వు బ్యాంకు గవర్నరు వడ్డీ పెంచిండు. సరుకు ఆపుకునేటోళ్లకు అప్పులు తగ్గించుమన్నడు. మీ సేటు బ్యాంకు పైకం కడితేనే సరుకు ఇడవాలె."

"గాయనకు మా మీద ఏం పగ?"

"పగ కాదు. సరుకు బజారుకస్తె ధరలు దిగుతయని. జొన్నలు గూడ."

"జొన్నలు దిగేదాంక మేమేం తినాలె?"

ఆ నెల మార్కండేయ ఇంట్లోనూ జొన్నలు సగమే కొన్నారు.

మిల్లు యజమాని రామకిషన్ సేటు అతణ్ణి పక్కకు లాగాడు. "ఒక్క గంట తియ్యి. ముప్పై మూటలు తీసుకుంట. ఎవలకు తెల్వది." అతను తల అడ్డంగా ఊపేసరికి సేటు గొంతు పెంచాడు. "పని నేనియ్యనంటున్ననా? గీ బ్యాంకోడే ఆపుతున్నడు."

వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి గుంజారు. మార్కండేయ జేబులోని తాళంచెవిని పిడికిట్లో బిగించాడు. లోపలి సరుకును వారం వారం లెక్కపెట్టేది అతనే. బ్యాంకు ఖాతాదారైన సేటు సంగతి బయటపెడితే ఉద్యోగానికే ముప్పని తెలుసు.

"లోపల పోయినేటి బేళ్లు నూటిరవై ఉన్నయి," అన్నాడు. "ధర ఇంకా పెరుగుతదని సేటు అమ్మలే. అవి అమ్మి పైకం కడితే గీ పూటనే తాళం తీస్త."

నర్సవ్వ మెల్లగా సేటు వైపు తిరిగింది. "నిజమేనా సేటూ?"

సేటు గిర్రున తిరిగి ఆఫీసులోకి పోయాడు. ఆడవాళ్లంతా వెళ్లి అతని ఆఫీసు గుమ్మంలో కూర్చున్నారు, లేవలేదు. మర్నాడు మధ్యాహ్నం పాత బేళ్లకు బేరం కుదిరింది. సేటు బ్యాంకులో పైకం కట్టాక మార్కండేయ తాళం తీశాడు. బేళ్లు లారీలెక్కాయి, యంత్రాలు తిరిగాయి.

శనివారం బ్యాంకు మేనేజరు శంకర్రావు పిలిచి, సేటు సంగతి బయట ఎందుకు చెప్పావని అడిగాడు.

"సరుకు బజారుకచ్చింది. గవర్నరు సాబు కోరింది గదే కద సాబ్," అన్నాడు మార్కండేయ.

"గదే. గని నిన్ను చెప్పుమనలే."

ఉమ్రి ఊళ్లోని శాఖకు బదిలీ, ఏడాది పాటు జీతం పెంపు లేదు. మార్కండేయ కాగితం మీద సంతకం చేశాడు. ఆ మాట భార్య ఇందుబాయికి చెప్పడానికి మాత్రం ఆదివారం సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు.